క్లారమ్మ గారికి రక్షణ

ఆ సాయంత్రం మా చర్చి హాల్లో ఉన్నవాళ్ళు: స్త్రీల కూడిక సభ్యులు పన్నెండు మంది, ముందు రెండు బెంచీల్లో, అందరూ తెల్ల చీరల్లో, వాళ్ళలో పెద్ద, మా నానమ్మ సంతోషమ్మ, పాస్టరు గారు, ఆయన భార్య, వెనక బెంచీల్లో ఇరవై మంది దాకా, కెనడా నుంచి వచ్చిన అతిథి ఒకాయన, ద్వారబంధం కింద తల వంచి వచ్చినంత ఎత్తు, ఆయన ఇంగ్లీషుని తెలుగు చెయ్యడానికి పక్కన నేను. ఉన్న వస్తువులు: స్లయిడ్ ప్రొజెక్టరు ఒకటి; దాని గుండ్రటి ట్రేలో అరవై స్లయిడ్లు; రెండు కిటికీ చువ్వలకి కట్టిన తెల్ల దుప్పటి; రుమాలు కప్పిన బిస్కెట్ల పళ్ళెం; బల్ల మీద, బ్రౌను కాయితంలో చుట్టి ఎర్ర రిబ్బను కట్టిన ఉన్ని శాలువా. ఆ శాలువా క్లారమ్మ గారికి. ఆవిడ మటుకు అక్కడ లేరు. ఆవిడ భూమి పైకొసన, ఏడాదిలో ఏడు నెలలు గడ్డకట్టి ఉండే ఒక నది ఒడ్డున, నలభై ఏళ్ళుగా మంచం మీద ఉన్నారని మాకు తెలుసు. మాకు తెలుసు అంటే, నేను చెప్పాను.

నానమ్మ పోయి నెల దాటింది. ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకి వచ్చిన ఒక ముసలావిడ నాతో పది నిమిషాలు మాట్లాడి వెళ్ళింది. అప్పటినుంచి ఆ హాల్లో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకుంటున్నాను. ఏ యంత్రమైనా ఆగిపోతే, విప్పే ముందు ఏది ఏ స్థితిలో ఉందో రాసుకోమని మా చక్కెర మిల్లులో నేర్పారు. అలా రాస్తే తప్పు ఎక్కడ జరిగిందో దొరుకుతుంది. ఇక్కడ దాన్ని వెతకనక్కర్లేదు. తప్పు నాది.

నానమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరయింది. ఆ పని ఆమెని వదల్లేదు. మా ఇంట్లో దుప్పటి మూలలు ఆసుపత్రి మంచం మీద మడిచినట్టే మడతపడేవి. ఉదయం గుమ్మం కడిగే నీళ్ళలో రెండు చుక్కలు డెట్టాలు పడేది. ఇప్పటికీ ఆ వాసన వస్తే నేను చెప్పుల్లేని కాళ్ళని ఒకసారి చూసుకుంటాను. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా నొసటి మీద కాదు, మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. ఇంగ్లీషు చదవడం రాదు కానీ ఆసుపత్రి ఇంగ్లీషు వచ్చు: పెయిన్, ఫీవర్, పల్స్, స్లీప్, నో ఫుడ్. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి గోడవారనున్న డాల్డా డబ్బాలో వేసేది. కూడికలో పన్నెండు ఇళ్ళలోనూ అలాంటి డబ్బాలు ఉండేవి. కొన్ని నెలలకొకసారి అన్నీ ఒకచోట పోసి, ఆ విడతకి ఎవరి పేరు నిర్ణయిస్తే వాళ్ళకి ఇచ్చేవారు. పేరు నిర్ణయించేటప్పుడు చివరి మాట నానమ్మదే. ఆమెకి ఆ గౌరవం రావడానికి కారణం వయసు కాదు. మిస్సమ్మ గారి ఉత్తరాలు ఆమె పేరు మీద వచ్చేవి.

మిస్సమ్మ గారు అంటే ఆ ఆసుపత్రిలో నర్సమ్మగా పనిచేసిన కెనడా ఆవిడ. నేను పుట్టకముందే పని విరమించి సొంత ఊరు వెళ్ళిపోయారు. కెనడాలో బాగా ఉత్తరాన, యూకాన్ నది ఒడ్డున చిన్న ఊరు. తెలుగు బాగా వచ్చిన మనిషే అయినా వేళ్ళు వంగిపోయి రాయలేక, పాత స్నేహితులందరికీ ఒకే ఉత్తరం ఇంగ్లీషులో టైపు చేయించి పంపేవారు. అడుగున మాత్రం నానమ్మ కోసం పెన్నుతో రెండు తెలుగు వరసలు, వణుకుతూ. అంతకుముందు ఆ ఉత్తరాలు చదివి పెట్టే కాంపౌండరు గారు చనిపోవడంతో, తొమ్మిదో తరగతిలో ఆ పని నాకు వచ్చింది. బుధవారం మధ్యాహ్నం మా వరండాలో చాప పరిచేవారు. అల్లం టీ, మరమరాలు. నేను మధ్యలో స్టూలు మీద కూర్చుని చదివేవాణ్ణి. మూడేళ్ళలో ఏడు ఉత్తరాలు. మొదటి దాంట్లోనే క్లారా పేరు ఉంది. అంతకుముందు క్లారా ఎవరో చెప్పిన ఉత్తరం ఏదైనా వచ్చి ఉంటే, కాంపౌండరు గారు అడుగున రెండు వరసలే చదివి ఉంటారు.

నేను ఏ వాక్యాన్ని ఏమి చేశానో ఇప్పుడు వరసగా రాయగలను. పేరు 'ఎస్.ఎస్. క్లారా' అని ఉంటే, ఎస్.ఎస్. ఇంటిపేరు పొడి అక్షరాలు అనుకున్నాను. మా క్లాసులో అందరికీ ఉండేవి. 'లెయిడ్ అప్' నలభై ఏళ్ళు అంటే డిక్షనరీలో మంచాన పడి ఉండటం అని ఉంది. మిస్సమ్మ గారి నాన్న ఆవిడ దగ్గర ఇంజనీరుగా చేశారు కాబట్టి ఆవిడ ఆస్తిపరురాలు. ఆవిడ 'వీల్' పాడై కొత్తది చేస్తున్నారంటే, చక్రాల కుర్చీ. ఆవిడ బాయిలరు ఎప్పుడో తీసేశారంటే, స్నానానికి వేణ్ణీళ్ళు లేవు. ఎడమ పక్కన ఏడు పక్కటెముకలు మార్చారు. ఆవిడ సిస్టరు ఒడ్డునే కాలిపోయింది. నిండుగా ఉన్నప్పుడు కూడా ఆవిడ నాలుగడుగుల నీళ్ళే 'డ్రా' చేసేది అని ఉన్న చోట, మా రీడరులో నూతిలోంచి నీళ్ళు తోడటానికి అదే మాట ఉండటంతో, నాలుగడుగుల లోతునుంచి నీళ్ళు తోడుకునేవారని చెప్పాను. ఆవిడ బాగా 'హాగ్' అయిందన్న వాక్యం ఒకటి వదిలేశాను. హాగ్ అంటే పంది అని ఉంది. మిస్సమ్మ గారు ఒక ముసలావిడని అలా అనరు. చివర ప్రతి ఉత్తరంలోనూ ఉండేది: క్లారా 'సేవ్' అవడానికి ప్రార్థించండి. సేవ్ అంటే రక్షణ, పాపాలు ఒప్పుకుని ప్రభువుని నమ్ముకోవడం. చర్చిలో పెరిగినవాడికి ఆ మాటకి డిక్షనరీ అక్కర్లేదు.

"నలభై ఏళ్ళే! ఈపంతా పుళ్ళడిపోవూ?" అంది ఎదురింటి మార్తమ్మ.

"మిస్సమ్మ గారుండగా పుండు పడనిస్తారేటి? మూడేసి గంటలకి తిప్పి పడుకోబెడతారు," అంది నానమ్మ, ఆ వార్డులో తనూ ఉన్నట్టు.

"దొరసాని అయ్యుండి నీళ్ళు తోడుకునేవోరట, పాపం," అంది ఇంకొకావిడ.

"నాలుగడుగుల్లో నీళ్ళుంటే నేనూ తోడతానే. మా నూతిలో నలభై అడుగులు దిగినా సుక్క లేదు. ఆ దేశమే నయం."

"సలో? మన సింతపల్లి సలి కంటే ఎక్కువేనా?"

"నదే గడ్డకట్టేస్తాదంటే ఇంకేటి సెప్పేది! ఒరే దానియేలూ, ఏట్రా ఆగిపోయేవు, బేగి సదువు," అంది నానమ్మ నాతో.

పక్కటెముకలు మార్చారన్నప్పుడు అందరూ ఒకసారి తమ పక్కలు తడుముకున్నారు. రక్షణ సంగతి వచ్చినప్పుడు మాత్రం మాటలు తగ్గేవి. నలభై ఏళ్ళు మంచాన ఉండి, పక్కన మిస్సమ్మ గారంతటి మనిషి ఉండి, ఇంకా రక్షణ పొందలేదంటే ఎంత మొండి మనిషో అని వాళ్ళ బాధ. ప్రార్థన పట్టీలో క్లారమ్మ గారి పేరు పైకి పైకి జరిగి మొదటి చోటికి వచ్చింది.

ఆరో ఉత్తరం ఈస్టరు దాటాక వచ్చింది. మిస్సమ్మ గారి మేనల్లుడు చలికాలంలో ఇండియా వస్తున్నాడని, మా ఊరూ వస్తాడని అందులో ఉంది. ఆ విడత బియ్యం ఎవరికి అనే మాట ఆ బుధవారమే వచ్చింది. అప్పటికి అనుకుని ఉంచిన పేరు రాహేలు. కొయ్యూరు రోడ్డులో ఇటుక బట్టీ దగ్గర తల్లి నూకరత్నమ్మతో ఉండేది. ఇరవై ఆరేళ్ళు. క్షయ. మాత్రలు గవర్నమెంటు ఇస్తోంది. వానలు మొదలైతే బట్టీ ఆగిపోతుంది, బట్టీ ఆగితే ఇద్దరికీ పని ఉండదు. ఆ నెలల కోసమే బియ్యం.

"రాహేలుకి మాత్రలున్నాయి, కన్నతల్లి పక్కనుంది," అంది నానమ్మ. "క్లారమ్మకి ఎవులున్నారు? తోడబుట్టింది కాలిపోయింది. ఈపాలి ఆవిడకి ఓ శాలువా పంపుదారి. రాహేలుకి కోతలయ్యేక ఇద్దారి." తర్వాత నా వైపు తిరిగింది. "ఏరా, తోడబుట్టింది కాలిపోయిందనే ఉందా? సరిగ్గా సూసేవా?"

"ఉంది నానమ్మా. రెండుసార్లు చూశాను," అన్నాను. నిజంగానే రెండుసార్లు చూశాను.

డబ్బాలు కిరాణా కొట్టుకి వెళ్ళాయి, పాస్టరు గారి భార్య విశాఖపట్నం వెళ్ళి శాలువా తెచ్చారు. జూన్‌లో బట్టీ ఆగింది. వానలు పడుతుండగానే రాహేలు పోయింది. బియ్యం అందక పోయిందని నేను రాయలేను, రుజువు లేదు. నాకు తెలిసింది ఇంతే: ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే వాంతి అవుతోందని సగంలో మానేసింది. సమాధి దగ్గర నానమ్మ నూకరత్నమ్మ భుజం పట్టుకుని నిలబడింది. కోతలయ్యేక ఇద్దారి అన్న తన మాట తనకి గుర్తుంది. ఆ వారమంతా మజ్జిగన్నం తప్ప తినలేదు. కానీ అప్పటికి ఆమె దగ్గర ఒక సమాధానం ఉంది. అవతల కూడా ఒక మనిషే ఉంది కదా, దిక్కులేని మనిషి.

ఇప్పుడు హాలు. మొదటి పది స్లయిడ్లు మంచు, నది, దేవదారు చెట్లు. పదకొండోది దుప్పటి మీద పడగానే అతిథి గొంతులో ఒక ఆప్యాయత వచ్చింది. "అండ్ దిస్ ఈజ్ అవర్ క్లారా," అన్నాడు. దుప్పటి మీద ఉన్నది చెక్క స్టీమరు. మూడంతస్తుల తెల్ల ఇల్లులాంటి పడవ, ఒడ్డు మీద దుంగల పైన నిలబెట్టి ఉంది, నల్లటి పొగగొట్టం, వెనక భాగంలో ఇంటి ఎత్తు చక్రం, దాని చుట్టూ ఎర్ర రంగు పలకలు. పలకలు నీటిని తోస్తే పడవ కదులుతుంది. అప్పటికి పాలిటెక్నిక్ మొదటి ఏడాది మెకానికల్‌లో ఉన్నాను. ఆ చక్రం దేనికో ఒక్క చూపులో అర్థమైంది. దాంతోపాటు ఏడు ఉత్తరాలూ, ఒక్కొక్క వాక్యమే తిరగబడుతూ అర్థమయ్యాయి. హాల్లో అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ముందు బెంచీ మొదట్లో నానమ్మ.

"ఇది క్లారమ్మ గారి ఊళ్ళో తిరిగే స్టీమరు," అన్నాను.

ఆ తర్వాత అతిథి దాదాపు గంట మాట్లాడాడు. అడుగున కుళ్ళిన దూలాలు తీసి కొత్తవి వేశారట. వంగిపోయిన వెన్ను దుంగని జాకీలతో రోజుకి వెంట్రుకవాసి చొప్పున లేపారట, తొందరపడితే విరుగుతుంది కాబట్టి. చలికాలమంతా ఊళ్ళోవాళ్ళు వంతులు వేసుకుని నిప్పు అంటుకోకుండా కాపలా ఉన్నారట. ఇంగ్లీషులో పడవని ఆడమనిషిలా 'షీ' అంటారు; నేను ప్రతి వాక్యంలో ఆ 'ఆమె' తీసేసి 'స్టీమరు' పెట్టాను. మధ్యలో నానమ్మ లేచింది. "క్లారమ్మ గారు ఎలాగున్నారో అడుగు. ఫొటో లేదేటి?" నేను అతిథిని మీ మేనత్త గారి ఫొటో ఉందా అని అడిగాను. ఆయన ట్రే తిప్పాడు. పడవ కటకటాల దగ్గర చక్రాల కుర్చీలో మిస్సమ్మ గారు, ఆవిడ పక్కన ఎవరో ఇంకో ముసలావిడ, ఊలు టోపీలో. ముందు బెంచీలు ఒక్కసారిగా కదిలాయి. "అదిగో, ఆవిడే, ఆ టోపీ ఆవిడే! లేచి నిలబడ్డారే!" మార్తమ్మ చప్పట్లు కొట్టింది, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను కాదనలేదు. శాలువా ఇచ్చేటప్పుడు అతిథికి ఇది మీ మేనత్తకి అని ఇంగ్లీషులో చెప్పాను, కూడికకి ఇది క్లారమ్మ గారికి చేరుతుందని తెలుగులో చెప్పాను. రెండు భాషలూ తెలిసినవాణ్ణి ఆ హాల్లో నేనొక్కణ్ణే అనుకున్నాను.

బిస్కెట్లు పంచుతుండగా నేను వైరు చుడుతున్నాను. నానమ్మ అతిథి దగ్గర నిలబడి ఉంది. ఆయన వంగి వింటున్నాడు. ఆమె వేలితో దుప్పటి వైపు చూపించి ఏదో అడిగింది. ఆయన నవ్వి, గాలిలో చేత్తో పెద్ద చక్రం తిప్పాడు. ఆమె తల ఊపింది. మర్యాద మాటలు అనుకున్నాను. ఆసుపత్రి ఇంగ్లీషులో ఆమె అడగగలిగే ప్రశ్నలు ఐదారు మించి లేవు. క్లారా, పెయిన్? క్లారా, ఫీవర్? నిజం బయటపడటానికి ఆ ఐదారులో ఏది అడిగినా సరిపోతుందని నాకు తట్టలేదు. దగ్గరికి వచ్చి, "బేగి పద, సలేస్తంది," అంది. ఇంటిదాకా నాకంటే ముందు నడిచింది.

ఆ తర్వాతి బుధవారం కూడికలో, "క్లారమ్మకి రక్షణ దొరికిందట. ఆ దొర సెప్పేడు. ఇంక పట్టీలోంచి పేరు తీసీండి," అంది. స్తోత్రాలు చెప్పుకున్నారు. నా మీద నుంచి ఒక బరువు దిగింది. చెప్పాల్సిన నిజం ఇంక చెప్పకపోయినా నష్టం లేదనుకున్నాను. చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టాను, లెక్క గుర్తుంది. మూడుసార్లూ రాహేలు అడ్డొచ్చింది. క్లారా చెక్క అని చెప్పడమంటే, నువ్వు రాహేలు నోటి దగ్గర కూడు తీసి చెక్కకి పెట్టావు అని చెప్పడమే. తర్వాత వచ్చిన ఉత్తరాలు నానమ్మ నా చేతికి ఇచ్చి, "పైనదంతా ఎందుకులే, కిందున్నది సదువు సాలు," అనేది. వయసు మీదపడి ఆసక్తి తగ్గిందనుకున్నాను.

మిల్లులో బాయిలరు సెక్షన్లో చేరాక, చెరకు ఆడే క్రషింగు సీజను అయిపోయిన మొదటి వారం, ఫోర్‌మన్ గారు "బాయిలరు లే-అప్‌లో పెట్టేశాం," అంటే ఒక నిమిషం చేతిలో స్పానరు కదల్లేదు. లే-అప్ అంటే మంచాన పడటం కాదు. పని లేని కాలంలో తుప్పు పట్టకుండా నీళ్ళన్నీ తీసి, లోపల పొడి సున్నం ట్రేలు పెట్టి, తేమ చేరకుండా మూతలు బిగించి దాచడం. ఆ తర్వాత స్టీమర్ల గురించి దొరికినదల్లా చదివాను. హాగ్ అవడమంటే పంది కాదు: పొడుగాటి చెక్క పడవకి రెండు కొసలూ బరువుకి కిందకి వాలి, నడిమి భాగం పైకి లేవడం. నాలుగడుగుల నీళ్ళంటే నిండా సరుకుతో ఉన్నా అంత తక్కువ లోతులో తేలగలగడం. పక్కటెముకలంటే పడవ పక్కలకి ఊతమిచ్చే వంపు దూలాలు, సిస్టరంటే అదే నమూనాలో కట్టిన ఇంకో పడవ, ఎస్.ఎస్. అంటే స్టీమ్‌షిప్పు, సేవ్ అంటే పాడైపోకుండా నిలబెట్టడం. కిందటేడు మా ఊరి నెట్ సెంటర్లో క్లారా ఫొటో దొరికింది. తెల్ల రంగు వేసి ఉంది, చక్రం ఎర్రగా ఉంది, వేసవిలో జనం టిక్కెట్టు కొని ఎక్కుతున్నారు. కనెక్షను నెమ్మది, బొమ్మ పై నుంచి కిందకి ఒక్కొక్క గీతగా వచ్చింది. నాకు దాని మీద కోపం రాలేదు. మంచి పని. నాలుగు తరాల క్రితం మనుషులు గొడ్డలితో చెక్కిన దూలాన్ని, దాని ఒంపు చెడకుండా లేపడం ఎంత ఓపికో నా పని తెలిసినవాడికి తెలుస్తుంది. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది వేరే. ఆ ఊళ్ళో వందో రెండు వందలో ఇళ్ళు ఉంటాయి. చలికాలమంతా వంతులు వేసుకున్నారు, ఒక్క వంతూ తప్పలేదు. మావి పన్నెండు డబ్బాలు. వాటికీ ఒక్క గుప్పెడూ తప్పలేదు. అక్కడా ఇక్కడా మనుషులు చేయాల్సింది సరిగ్గానే చేశారు. మధ్యలో చదివినవాడు తప్పు చదివాడు.

ఆదరణ కూడికలో నాతో మాట్లాడింది నూకరత్నమ్మ. భోజనాలయ్యాక, అందరూ లేచాక, స్తంభం పక్కన నిలబడి పిలిచింది.

"బాబూ, మీ నానమ్మ ఆదివారం ఆదివారం ఎక్కడికెళ్ళేదో మీకు తెల్సా?"

ఆదివారం మధ్యాహ్నం ఎక్కడో ప్రార్థన ఉందని వెళ్ళేది, ఆటోలో వెళ్ళి వస్తుందనుకునేవాళ్ళం, అన్నాను.

"ఆటో ఏది బాబూ! నడిసొచ్చేది. కర్రా, సంచీ. సంచీలో బియ్యం. ఆ దొర వొచ్చి ఎళ్ళిన వారం మొదలెట్టింది. ఎందుకమ్మా నాకు, అంటే ముందు సెప్పలేదు. ఓపాలి గట్టిగా అడిగేను. మీ రాహేలుకి ఎట్టాల్సిన బియ్యం సెక్క పడవకి ఎట్టీసేనే, అంది. ముందు నాకు అర్తం కాలేదు. అర్తమయ్యేక తలుపేసీసేను."

నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"మా వోడికి మాత్రం సెప్పకే, అంది తలుపవతల నుంచి. ఆడు సిన్నోడు, ఇంగ్లీసు ఇప్పుడే నేర్సుకుంటన్నాడు, తెలిస్తే మళ్ళీ పుస్తకం ముట్టడు, అంది. మళ్ళీ ఆదివారం వొచ్చింది. గుమ్మంలో ఎట్టి ఎళ్ళిపోయింది."

"తర్వాత తలుపు తీశారా?"

"లేదు బాబూ." ఆవిడ చెంగు చివర వేలికి చుట్టుకుంది. "బియ్యం తీసుకునేదాన్ని. ఆకలి కదా, తినేదాన్ని. తొమ్మిదేళ్ళు తిన్నాను. ఒక్కపాలైనా కూకోమనలేదు, మంచినీళ్ళియ్యలేదు. గుమ్మం దగ్గర కాసేపు ఊపిరి పీల్సుకున్న సప్పుడు ఇనపడేది, కర్ర సప్పుడు ఇనపడేది. ఆవిడ పడిపోయిన వారం సంచీ రాలేదు. అలా తెల్సింది నాకు. కూకోమనలేదు బాబూ. అది ఎవులికో సెప్పుకోవాలి కదా, నీకు సెప్పుకుందారని వొచ్చేను."

నేను కుర్చీ తెచ్చి వేశాను. ఆవిడ కూర్చోలేదు, పొద్దు పోతోందని వెళ్ళిపోయింది. ఆ తొమ్మిదేళ్ళూ, ఒకే ఇంట్లో, ఒకే పళ్ళేల వరసలో కూర్చుని, నానమ్మకి తెలియకూడదని నేను, నాకు తెలియకూడదని ఆమె. ఆదివారం రాత్రుళ్ళు ఆమె కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చునేది, నేను నీళ్ళు తెచ్చి పోసేవాణ్ణి, కీళ్ళ నొప్పులు అనుకుని ఆయింట్‌మెంటు మార్చి మార్చి కొన్నాను.

నిన్న డ్యూటీ దిగి వచ్చాక బండి ట్రిప్ మీటరు సున్నాకి తిప్పి, మా గుమ్మం దగ్గర బయల్దేరి, కొయ్యూరు రోడ్డు మీదుగా, బట్టీ దాటి, నూకరత్నమ్మ గుమ్మం దగ్గర ఆపాను. తలుపు వేసి ఉంది. దిగలేదు. మీటరు చూసుకున్నాను.

మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు.